గ్రాములమ్మ

ఊళ్లో కాటాలన్నీ అబద్ధాలాడతాయన్న నమ్మకం మీదే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. నేను తూకం మిషన్లు బాగుచేస్తాను. మా ఇంటి ముందుగదే నా దుకాణం. ఏడాదికోసారి, చలికాలం మొదలయ్యేసరికి, వ్యాపారులంతా తమ కాటాలు తెచ్చి నా బల్ల మీద పెట్టేవాళ్లు. నేను సరిచేశాక తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చి, పరీక్షించి, ముద్ర వేసి వెళ్లేవాడు. మూడు నెలలపాటు సాగే ఆ హడావిడిని ఇంట్లో ముద్రల కాలం అనేవాళ్లం. పళ్లెం కింద అతికించిన అయస్కాంతాలు, అడుగున తొలిచి సీసం తీసేసిన తూకపు రాళ్లు, వేలితో నొక్కడానికి వీలుగా వంచిన కడ్డీలు, ఇరవై ఏళ్లుగా ఇవే చూసి చూసి, ఎవరైనా నవ్వుతూ మాట్లాడితే ముందు వాళ్ల చేతుల వైపు చూడటం నాకు అలవాటైపోయింది.

ఆ ఏడాది ముద్రల కాలం మొదలయ్యేనాటికి మా పాపకు మూడు నెలలు. పుట్టుకతోనే గుండెలో పెద్ద రంధ్రం. బరువు మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. గుండె డాక్టరు పాప ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసి, ఆపరేషన్ చేసి రంధ్రం మూసేద్దామన్నాడు. అయితే నాలుగున్నర కిలోలకు అటూ ఇటూ వస్తే ధైర్యంగా చెయ్యగలనని, అలాగని మూడు నెలలకు మించి ఆగితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయని చెప్పాడు. "బరువు పెంచుకుని తీసుకురండి" అన్నాడు, బజారుకెళ్లి ఏదో పట్టుకు రమ్మన్నంత తేలిగ్గా.

పక్కగదిలో ఉండే డైటీషియన్ మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఆ పిల్ల మంచం మీద కదలకుండా పడుకున్నా దాని గుండె పరుగెడుతూనే ఉంటుందట. అందుకని మామూలు పిల్లలకు కావలసిన దానికి ఒకటిన్నర రెట్లు శక్తి కావాలట. చిక్కేమిటంటే, పాలు తాగడమే దానికి పెద్ద పని. నాలుగు గుక్కలు తాగేసరికి నుదుటి మీద చెమట పట్టి, ఆయాసంతో వదిలేస్తుంది. ఎక్కువ పొయ్యాలంటే గుండె ఆ నీటిని మొయ్యలేదు. అందుకని పాలు పెంచకుండా చిక్కదనం పెంచాలి. నా భార్య పాలు పిండి సీసాలో పెట్టాలి, అరవై మిల్లీలీటర్ల పాలలో డబ్బాలో వచ్చే చెంచాతో ఒక చెంచా పొడి, కత్తితో గీసి చదును చేసి, కలపాలి. మూడు గంటలకోసారి పట్టాలి. అరగంటలో తాగినంతే, ఆపైన బలవంతం చెయ్యకూడదు. తాగాక నిటారుగా భుజాన వేసుకోవాలి. ఏడవనివ్వకూడదు. కక్కితే వెంటనే చెప్పాలి.

"వారానికోసారి తీసుకురండి, బరువు మేమే చూస్తాం" అంది చివర్లో.

ఆ చివరిమాట తప్ప మిగతావన్నీ నాకు నచ్చాయి. ఎందుకంటే అప్పటికే నేను జేబులోంచి అరకిలో పరీక్ష రాయి తీసి వాళ్ల కాటా మీద పెట్టి చూశాను. నాలుగు వందల తొంభై చూపించింది. పది గ్రాములు తినేస్తున్న కాటాతో నా కూతురి ప్రాణం తూస్తారా అని నర్సుతో గొడవ పెట్టుకున్నాను. ఆవిడ నా వంకా, రాయి వంకా చూసి, తర్వాతి బిడ్డను తీసుకురమ్మని కేకేసింది.

నా భార్య బస్సు డిపోలో టికెట్ల గదిలో పనిచేసేది. సెలవు అయిపోయింది. ఇక పొడిగించరన్నారు. దాంతో వాళ్ల అక్క, అంటే మా వదిన, వచ్చింది. ఆవిడ ఒక హాస్టల్లో వంట చేసేది. మూడు నెలలు జీతం లేని సెలవు పెట్టి, ఒక దుప్పటీ, ఒక గుడ్డ సంచీ పట్టుకుని మా ఇంట్లో దిగిపోయింది. రెండు వందల మందికి ఉప్పు చేత్తోనే వేసే మనిషి. కూరలో ఎంత ఉప్పు వేశారని ఎవరైనా అడిగితే గుప్పిట చూపిస్తుంది. చేతి అంచనాతో బతికేవాళ్లంటే నాకు మొదటినుంచీ గిట్టదు. ఆ చేతులే నా కూతురి పాలు కలపబోతున్నాయంటే మనసు అక్కడే ముడిపడిపోయింది.

మూతబడిన ఒక ఆసుపత్రి నుంచి ఎప్పుడో కొన్న పసిపిల్లల కాటా నా దగ్గర ఉండేది. దాన్ని విప్పి, శుభ్రం చేసి, అయిదు గ్రాముల తేడా కూడా పట్టేలా సరిచేసి ముందుగదిలో బల్ల మీద పెట్టాను. పాలు పట్టే ముందొకసారి, పట్టిన వెంటనే ఒకసారి పాపను తూచాలి. ముందు తూకానికీ తర్వాతి తూకానికీ ఉన్న తేడాయే పాప నిజంగా తాగింది. సీసా మీద గీతలను నేను నమ్మను. మనుషుల నోటిమాట అసలే నమ్మను. బట్టలు ఒక్కోసారి ఒక్కో బరువుంటాయి కాబట్టి అవి విప్పేసి తూచాలి. రోజుకు ఎనిమిదిసార్లు పాలు, పదహారు తూకాలు. ప్రతి తూకమూ ఒక కాగితం మీద రాసి, గోడకు మేకు కొట్టి తగిలించాను.

"మరిదిగారూ, దీనికి పేరు పెట్టారో లేదో గాని నేను పెట్టేశాను, గ్రాములమ్మ" అంది వదిన. నా భార్య కూడా నవ్వింది. ఆ చలికాలంలో మేం ముగ్గురం ఒకేసారి నవ్వింది బహుశా అదొక్కసారే.

పాప కాళ్లు ఆడిస్తుంటే అంకెలు నిలబడవు. ఏడిస్తే అసలే నిలబడవు. పళ్లెం మీద పల్చటి గుడ్డ వేసినా అడుగున ఇనుము చల్లగా తగిలేదేమో, వెయ్యగానే కెవ్వుమనేది. నేను బల్ల మీదికి వంగి అంకె నిలకడగా ఆగేదాకా చూసేవాణ్ణి. రెండు నిమిషాలు, ఒక్కోసారి నాలుగు. వదిన పక్కనే దుప్పటి పట్టుకుని నిలబడేది. ఒకరోజు పాలు పట్టాక, కాసేపు భుజాన వేసుకోనివ్వండి, తర్వాత తూద్దురుగాని అంది. ఈలోగా ఉచ్చ పోస్తే తూకం తప్పుతుందని చెప్పి పాపను చేతుల్లోంచి తీసుకున్నాను. ఆవిడ మళ్లీ అడగలేదు.

మొదటి వారం ముప్ఫై అయిదు గ్రాములు పెరిగింది. రెండో వారం ఇరవై, మూడో వారం ఇరవై. డైటీషియన్ మేడమ్ పెదవి విరిచింది. రోజుకు ఇరవై పెరగాల్సింది వారానికి ఇరవై పెరుగుతోందంది. కక్కుతోందా అని అడిగింది. మొదటి వారంలో ఒక్కసారి తప్ప లేదంది నా భార్య, నేనూ లేదన్నాను. చెప్పినట్టే పడుతున్నారా అంది. నా కాగితాలు చెప్పినట్టే పడుతున్నామనే అంటున్నాయి. ప్రతి తూకానికీ యాభై, యాభై అయిదు, అరవై. తాగింది తాగినట్టే ఉంది, ఒంటికి మాత్రం రావడం లేదు. నా వృత్తిలో దీనికి ఒక్కటే అర్థం. మధ్యలో ఎవరిదో చెయ్యి పడుతోంది.

మొదట పాలపొడి కంపెనీని అనుమానించాను. కొత్త డబ్బా తూస్తే గ్రాము తేడా లేదు. తర్వాత డబ్బా మొత్తానికి లెక్కవేశాను. రోజుకు ఎనిమిది చెంచాల చొప్పున పదకొండు రోజులు రావాలి. ఎనిమిదో రోజు సాయంత్రానికి అడుగు కనిపించింది. రెండో డబ్బాను రోజూ పొద్దున్నే, ఎవరూ చూడకుండా, తూచడం మొదలుపెట్టాను. రోజుకు ముప్ఫై అయిదు గ్రాములు తగ్గాల్సింది నలభై అయిదు, నలభై ఏడు తగ్గుతోంది. ఫ్రిజ్‌లో నా భార్య పాలసీసాలు కూడా లెక్కకంటే ముందే ఖాళీ అయ్యేవి. పొడి ఎత్తుకెళ్లేవాళ్లు తల్లిపాలు ఎందుకు ఎత్తుకెళ్తారని ఒక్కసారైనా ఆలోచించి ఉంటే బాగుండేది. ఆలోచించలేదు. అనుమానం వచ్చాక నాకు కావలసినవే కనిపించేవి.

నాకు కావలసినది వదిన సంచి. ఆవిడ కూతురు మాకు రెండు వీధుల అవతల కాపురం ఉండేది. ఆ అమ్మాయికి నాలుగు నెలల కొడుకు. రోజూ సాయంత్రం నా భార్య డిపో నుంచి రాగానే, వదిన పాపను అప్పగించి, సంచి చంకన పెట్టుకుని కూతురింటికి వెళ్లేది. గంటలో తిరిగొచ్చేది. వెళ్లేటప్పుడు సంచి నిండుగా బరువుగా ఉండేది, వచ్చేటప్పుడు తేలిగ్గా ఉండేది. ఇరవై ఏళ్లు బరువులతో బతికినవాణ్ణి, భుజం ఒంగిన తీరు చూస్తే చాలు, చెప్పగలను.

ఒకరోజు ఆ వీధిలో ఒక దుకాణంవాడి కాటా తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. దారే కదా అని వాళ్లింటి గుమ్మంలోకి తొంగిచూశాను. పిల్లాడు చాప మీద గుమ్మడికాయలా ఉన్నాడు. మణికట్టు దగ్గర మడతలు పడి ఉన్నాయి. కిటికీ గట్టు మీద మేం వాడే పాలపొడి డబ్బా, అదే రంగు, అదే బొమ్మ. ఆ అమ్మాయి బాబాయ్ లోపలికి రండి అంటూ లేచింది. పనుందని వచ్చేశాను. దారి పొడుగునా నా కూతురి మణికట్టు కళ్లముందు ఆడుతూనే ఉంది. వేలుకు వేసే ఉంగరం దాటిపోయేటంత సన్నం.

ఆ సాయంత్రం నా భార్యతో చెప్పాను. ముందు నవ్వింది. "మా అక్క పాప నోటి దగ్గరి పాలు తీస్తుందా? మీకు పిచ్చి పట్టింది." నేను డబ్బా తూకాలు చూపించాను. కిటికీ గట్టు సంగతి చెప్పాను. నవ్వు ఆగింది. కాగితం తీసుకుని మళ్లీ మళ్లీ చూసింది. మర్నాడు డిపోకి వెళ్లేముందు ఫ్రిజ్ తెరిచి, సీసాల మీద పెన్నుతో చిన్న గీతలు పెట్టడం చూశాను. సొంత అక్క మీద అనుమానం అంటించడానికి నాకు ఒక్క సాయంత్రం సరిపోయింది.

వదినకు తెలియకుండా ఉంటుందా? సీసా మీద గీత చూసి ఒక క్షణం ఆగి, మూత తీసి పాలు కలిపింది. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం కూడా నాకు సాక్ష్యంగానే తోచింది. అప్పటినుంచి ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. గ్రాములమ్మా అన్న పిలుపు కూడా నేను గదిలో లేనప్పుడే వినిపించేది.

నాలుగో వారం పదిహేను గ్రాములే పెరిగింది. నెల మొత్తానికి తొంభై. ఇంకా రెండు నెలలు మాత్రమే గడువుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం నా భార్య గోడకు చేరగిలబడి కూర్చుంది, చెప్పులు కూడా విప్పలేదు. వదిన పాపను ఆమె ఒళ్లో పెట్టి, సంచి తీసుకుని ముందుగదిలోకి వచ్చింది. నేను లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"వదినా, ఒక్క నిమిషం. ఆ సంచి ఇలా పెట్టండి."

వేళాకోళం అనుకుంది. "అయిందా, ఇక నన్ను కూడా తూస్తారా?" అంది. నేను నవ్వకపోయేసరికి ఆవిడ మొహం మారింది. చెయ్యి చాచి సంచి అందుకుని పెద్ద కాటా మీద పెట్టాను. కిలో రెండు వందల నలభై.

"రోజూ ఇంత బరువు ఏం మోసుకెళ్తున్నారు?"

వదిన నా వైపు చూడలేదు. నా వెనక, నడవా గుమ్మంలో, పాపను ఎత్తుకుని నిలబడ్డ చెల్లెలి వైపు చూసింది. చాలాసేపు చూసింది. నా భార్య ఒద్దండీ అంటుందేమోనని ఎదురుచూసిందని నాకిప్పుడు తెలుసు. నా భార్య ఏమీ అనలేదు.

అప్పుడు వదినే వంగి సంచి ముడి విప్పింది. లోపలున్నవి ఒక్కొక్కటే తీసి కాటా పళ్లెం మీద పెట్టింది. తడిసి ముద్దయిన గుడ్డలు. పాప మెడకింద వేసేవి, భుజం మీద వేసుకునేవి, దిండు మీది గలీబు. పులిసిన పాల వాసన గదంతా కమ్మేసింది. లెక్కపెడుతూనే ఉన్నాను, అలవాటు ఎక్కడికి పోతుంది, పదకొండు గుడ్డలు.

"ఇవేంటక్కా?" అంది నా భార్య.

"కక్కిన గుడ్డలే. రోజుకు మూడుసార్లు, నాలుగుసార్లు. తూచడానికి పడుకోబెట్టి లేపామా, భుజాన వేసుకుని లోపలికెళ్లేసరికి తాగినదాంట్లో సగం బయటికొచ్చేస్తుంది. వంటింట్లోకి తీసుకెళ్లి, కాసేపు ఆగి, మళ్లీ కాస్త కలిపి చెంచాతో పడుతున్నా. ఇక్కడ ఉతికి ఆరేస్తే నీ కంటపడతాయని అక్కడ ఉతికిస్తున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"మొదటి వారంలో ఒక్కసారి కక్కితే చూశావు. అన్నం మానేశావు. రెండు రోజులు నీకు పాలు పడలేదు. ఉన్న పాలు కూడా పోతే పిల్లకేం పొయ్యను?"

గుడ్డలు ఇంకా నా కాటా మీదే ఉన్నాయి. అయినా వదల్లేదు. "పోనీ నాకైనా చెప్పాలిగా వదినా" అన్నాను.

ఆవిడ గుడ్డలన్నీ తిరిగి సంచిలో వేసుకుంటూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"మీకు చెబితే ఇంకోసారి తూస్తారని."

సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నాను. నా భార్య కూడా అదే అనుకుందేమో, పాపను పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. గంట తర్వాత ఎప్పటిలాగే వచ్చింది. ముందురోజు అక్కడ ఆరేసిన గుడ్డలు మడతపెట్టి అలమరలో పెట్టి, చేతులు కడుక్కుని, పాలు కలిపే వేళయిందని వంటింట్లోకి వెళ్లింది. వాళ్ల అమ్మాయి ఇంట్లో కిటికీ గట్టు మీద నేను చూసిన డబ్బా మా ఇంట్లో అయిపోయిన డబ్బానే. అందులో బట్టల క్లిప్పులున్నాయి. ఈ సంగతి ఆ అమ్మాయి ద్వారా నాకు తర్వాతెప్పుడో తెలిసింది. నేను అడగలేదు కాబట్టి వదిన చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లాం. వదిన పిలవకుండానే చెప్పులేసుకుని మాతో బయల్దేరింది. కక్కుతున్న సంగతి దాచినందుకు డైటీషియన్ మేడమ్ ఆవిణ్ణి బాగానే చీవాట్లు పెట్టింది. ప్రేమతో దాచినా, భయంతో దాచినా పిల్లకు జరిగేది ఒకటేనంది. వదిన తల వంచుకుని అన్నీ పడింది. నాకు లోపల ఎక్కడో కాస్త ఊరట కలిగిన మాట నిజం. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ ఊరటలోనే, అడగకపోయినా, నా తూకాల కాగితాలన్నీ తీసి మేడమ్ ముందు పెట్టాను.

ఆవిడ ఒక్కొక్కటీ తిప్పింది. బట్టలు విప్పే తూస్తారా అని అడిగింది. అవునన్నాను. ప్రతిసారీనా? ప్రతిసారీ. ఎంతసేపు పడుతుంది? అంకె నిలబడేదాకా అన్నాను. అప్పుడు పాప ఏం చేస్తూ ఉంటుంది?

నేను కాగితాల వైపు చూశాను. వదిన చెప్పింది, "ఏడుస్తూ ఉంటుందమ్మా."

మేడమ్ కాగితాలు సర్ది, అంచులు సమానంగా తట్టి, నా ముందుకు జరిపింది. "మీ లెక్క చాలా శుభ్రంగా ఉందండీ" అంది. "కానీ ఏడవడానికి శక్తి కావాలి. చలికి ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి శక్తి కావాలి. పాప దగ్గర పెరగడానికి మిగిలేదే చాలా కొంచెం. అది కాస్తా ఇందులో పోతోంది. మనం పోసిన పాలల్లో చాలా వంతు ఈ కాగితాలే తాగేశాయి."

గుండె డాక్టరు మందు మోతాదు కొద్దిగా మార్చాడు. ఎనిమిదిసార్ల పాలను పదిసార్లకు పంచారు. పది రోజుల్లో బరువు అందుకోకపోతే ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి పాలు పొయ్యాలన్నారు. నా భార్య గొట్టం అన్న మాట దగ్గరే ఆగిపోయింది. బస్సులో ఇంటికి వచ్చేదాకా పాప ముక్కు నిమురుతూనే కూర్చుంది.

నేను వెంటనే నమ్మానని చెప్తే అది అబద్ధం. తన పొడి లెక్క తప్పినందుకు మేడమ్ నా మీదికి తోసేస్తోందనుకున్నాను. బల్ల దగ్గర కూర్చున్నాను. ఎదురుగా ఒక కంసాలి ముద్ర కోసం ఇచ్చిపోయిన చిన్న త్రాసు ఉంది. ఆకు బరువుకు కూడా ఊగే రకం. ఆయన చెప్పిన ఫిర్యాదు ఏమిటంటే, ఏడాదిగా అది సరిగా నిలబడటం లేదు. విప్పి చూశాను. కడ్డీ కింద కత్తి అంచులాంటి మొన ఒకటి ఉంటుంది, త్రాసంతా దాని మీదే నిలబడుతుంది. అది అరిగి మొద్దుబారిపోయింది. ఆ కంసాలి నాలాంటివాడే. తూచిందే మళ్లీ తూస్తాడు. ఇంత సున్నితమైనదాన్ని అస్తమానం ఊపితే అరగక ఏం చేస్తుందండీ అని నేనే ఎన్నోసార్లు ఎంతోమందికి చెప్పాను. ఆ మాటే ఇప్పుడు నా నోటిదాకా వచ్చి ఆగింది.

లోపలి గదిలో పాప ఏడుపు మొదలైంది. పాలు పట్టే వేళ. అలవాటుగా కాటా మీద గుడ్డ సర్దబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కాటా తిరగేసి అడుగున మూత విప్పి బ్యాటరీలు నాలుగూ బయటికి తీశాను. వంటింట్లోకి వెళ్లాను. వదిన చెంచా మీద కత్తి పెట్టి పొడి చదును చేస్తోంది. మంచి నిలకడైన చెయ్యి, ఒక్క పొడి రేణువు కింద పడలేదు. ఇన్నాళ్లూ ఆ పక్కన నిలబడి కూడా నేను ఆ చేతిని చూడలేదు, ఆ చెయ్యి ఏం తీస్తుందా అనే చూశాను.

బ్యాటరీలు గట్టు మీద పెట్టాను. "ఇవి మీ దగ్గర ఉంచండి వదినా" అన్నాను.

ఆవిడ వాటి వంక చూసి, తడి చెయ్యి తుడుచుకుని, తీసి బియ్యం డబ్బాలో బియ్యం కింద దోపేసింది. "పాలు చల్లారిపోతాయి, తప్పుకోండి" అంది.

తర్వాతి పది రోజులూ నా చేతులు నా మాట వినలేదు. పాపను చూసినప్పుడల్లా ఎంతుంటుంది, ఎంతుంటుంది అని అరిచేతులు దురద పెట్టేవి. ఎత్తుకుంటే బరువు తెలుస్తుందేమోనని ఎత్తుకునేవాణ్ణి. అదీ తూకమే కదా అని మళ్లీ దించేసేవాణ్ణి. ఇన్‌స్పెక్టరు రెండుసార్లు వచ్చి ముద్రలు వేసి వెళ్లాడు. నా కాటా ఒకదానికి మూడు గ్రాముల తేడా పట్టుకుని, ఏమయ్యా నీ బల్ల మీద కూడానా అని ఎకసెక్కెం ఆడాడు. లోపల మాత్రం పాప తాగేది, వదిన గంటసేపు గోడకు ఆనుకుని భుజాన వేసుకుని కూర్చునేది. ఏడుపు వినిపించని ఇల్లు నాకు కొత్తగా ఉండేది. డబ్బా పదకొండు రోజులు వచ్చింది.

పది రోజులకు ఆసుపత్రి కాటా నూట డెబ్భై గ్రాములు ఎక్కువ చూపించింది. గొట్టం అవసరం లేదన్నారు. నా భార్య బయటికొచ్చి అక్క భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. వదిన ఆమె వీపు నిమిరింది గాని, ఆ చేతిలో మునుపటి చనువు లేదు. నాకు కనిపించింది. ఆ ఒక్కటి కనిపించకుండా ఉంటే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

ముద్రల కాలం ముగిసిన వారం పాప నాలుగు కిలోల నాలుగు వందల అరవై. నర్సు అంకె రాసుకుని, నన్ను గుర్తుపట్టి, "మీ రాయి తేలేదా ఈరోజు?" అంది. రాయి జేబులోనే ఉంది. తేలేదన్నాను. గుండె డాక్టరు ఆ అంకె చూసి, ఇక చాలు, చేసేద్దాం అన్నాడు. నాలుగున్నరకు నలభై గ్రాములు తక్కువని ఆయనకు పట్టనే లేదు. అయిదు గ్రాముల కోసం నేను ఆ పిల్లను ఎన్నిసార్లు చలిలో పడుకోబెట్టానో ఆయనకు తెలియదు.

ఆపరేషన్ అయిదు గంటలు పట్టింది. బయట బెంచీ మీద మేం ముగ్గురం కూర్చున్నాం. వదిన మా ఇద్దరి మధ్యలో కూర్చుంది. తలుపు తెరుచుకుని, బాగుంది అని ఒకే మాట చెప్పి వెళ్లారు. పన్నెండో రోజు ఇంటికి తెచ్చుకున్నాం. ఆ మర్నాడు వదిన తన దుప్పటి మడతపెట్టుకుని, గుడ్డ సంచీ మా ఇంట్లోనే మేకుకు వదిలేసి, హాస్టల్ పనికి వెళ్లిపోయింది. మర్చిపోయిందనుకుని వెనకాలే పరుగెత్తాను. "ఉండనివ్వండి, నాకు పన్లేదు" అంది.

ఇప్పుడు గ్రాములమ్మకు తొమ్మిదేళ్లు. బళ్లో పరుగుపందెంలో రెండో బహుమతి వచ్చిందని మొన్న ఇల్లు పీకి పందిరేసింది. వాళ్ల పెద్దమ్మంటే దానికి ప్రాణం. వదిన నెలకోసారి తప్పకుండా వస్తుంది, దాంతో ఆడుతుంది, వంట చేసి పెడుతుంది, నాతోనూ బాగానే మాట్లాడుతుంది, వేళాకోళాలు కూడా ఆడుతుంది. చూసినవాళ్లెవరూ ఏదో జరిగిందనుకోరు. ఆ రోజు కాటా మీద సంచి పెట్టిన సంగతి ఆవిడ ఈ తొమ్మిదేళ్లలో ఒక్కసారీ ఎత్తలేదు. నేను ఎత్తబోయిన ప్రతిసారీ టీ పెట్టనా అంటూ లేచిపోతుంది.

కాని ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆవిడ మా ఇంట్లోకి సంచితో రాలేదు. పిల్లకు బట్టలు కొన్నా, బొమ్మలు కొన్నా కూతురి చేత పంపిస్తుంది. బస్సు చార్జీ గుప్పిట్లో పట్టుకుని వస్తుంది. పోయిన నెల పిల్ల అడిగేసింది, అందరూ వచ్చేటప్పుడు ఏదో ఒకటి తెస్తారు, నువ్వు మాత్రం ఎప్పుడూ ఉత్త చేతులతోనే వస్తావేం పెద్దమ్మా అని.

"నిన్ను ఎత్తుకోవాలంటే చేతులు ఖాళీగా ఉండద్దూ?" అని నవ్వేసింది వదిన.

పిల్లా నవ్వింది, నా భార్యా నవ్వింది. సాయంత్రం వెళ్లేటప్పుడు వదిన ఎప్పటిలాగే ముందుగదిలోంచి వెళ్లింది. పెద్ద కాటా పక్కనుంచి నడిచేటప్పుడు ఆ రెండు చేతులూ నాకు కనిపించేలా ముందుకు పెట్టుకుని, వేళ్లు కాస్త విప్పి ఉంచి, నడిచి వెళ్లింది. కావాలని చెయ్యదు. అలవాటైపోయింది. నేను తల దించుకుని, తుడిచిన రాళ్లే మళ్లీ తుడుస్తూ కూర్చున్నాను.